పదిహేను వారాల పాండిత్యం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ అంటే రమారమి పదిహేను వారాల చదువు. ఆ పదిహేను వారాలూ బీజింగ్‌లో గడిపి వచ్చిన విద్యార్థి, తిరుపతి వెళ్లినవాడు గుండుతో తిరిగివచ్చినంత సహజంగా, ఉద్యోగ దరఖాస్తులో 'చైనీస్ భాషా సంస్కృతులలో ప్రావీణ్యం' అనే పంక్తితో తిరిగివస్తాడు. అమెరికా దౌత్యాధికారులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం, ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఈ భాష వృత్తిలో అక్కరకొచ్చేంతగా పట్టుబడాలంటే 88 వారాలు, అంటే 2,200 తరగతి గంటలు కావాలని లెక్కగట్టి, దీనిని జపనీస్, కొరియన్, అరబిక్‌ల సరసన అత్యంత కఠినమైన భాషల వర్గంలో చేర్చింది. జీతమిచ్చి, వేరే పని పెట్టకుండా కూర్చోబెట్టి నేర్పినా ఏడాదిన్నర దాటే పనిని ఇరవయ్యేళ్ల కుర్రవాడు వారాంతాల్లో చైనా గోడ ఎక్కి దిగుతూనే ముగించేస్తున్నాడంటే, ఆ దౌత్యాధికారులు ఎంత మందమతులో ఊహించుకోవలసిందే.

చిక్కంతా స్వరంలో ఉంది. తెలుగులో 'ఆ' అన్న ఒక్క అక్షరాన్ని ఎత్తీ దించీ సాగదీసీ పలికితే ప్రశ్న, అంగీకారం, ఆశ్చర్యం, విసుగు అన్నీ పలుకుతాయి గాని, అక్కడ మారేది మాట్లాడేవాడి భావమే. చైనా ప్రభుత్వం 'పుతోంగ్‌హువా', అంటే సామాన్య భాష, అన్న పేరుతో దేశమంతటికీ ప్రామాణికం చేసిన మాండరిన్‌లోనైతే స్వరం మారగానే మాటే మారిపోతుంది. 'మాయ్' అన్న పలుకు అడుగుకు దిగి మళ్లీ లేస్తే కొనడం, పైనుంచి నిట్టనిలువునా పడితే అమ్మడం. విశ్వవిద్యాలయాల నడుమ విదేశీ విద్యార్థులకు అడ్డాగా పేరుపడిన బీజింగ్‌లోని వూదావ్‌కోవ్‌లో, పండ్ల దుకాణం ముందు నిలబడిన విద్యార్థి ఆపిల్ పండ్లు అమ్ముతానని దుకాణదారుతోనే గంభీరంగా ప్రకటిస్తాడు. ఆమె అతడి చూపుడువేలు ఎటుందో చూసి, నాలుగు పండ్లు తూచి, కాగితం మీద అతికించిన క్యూఆర్ కోడ్‌ను ముందుకు జరుపుతుంది. బేరం పూర్తిచేసింది వేలూ ఫోనూ కాగా, ఘనత మాత్రం అతడి ఉచ్చారణ ఖాతాలో జమపడుతుంది.

సంస్కృతి సంగతి ఇంకా సులువు. అది బుధవారం మధ్యాహ్నాలకు సరిపోతుంది. ఒక వారం పిండి వత్తి 'జియావ్‌జ' అనే కుడుములు చుట్టడం, మరో వారం కాగితం కత్తిరించి పువ్వులు చేయడం, ఇంకో వారం కుంచెతో 'యోంగ్' అనే అక్షరం దిద్దడం. కుంచె రాతలోని ఎనిమిది మౌలిక గీతలూ ఆ ఒక్క అక్షరంలోనే ఇమిడి ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది గనుక గురువులు దానితోనే మొదలుపెడతారు. దాని అర్థం 'శాశ్వతం' కావడం, విద్యార్థి దానికి కేటాయించేది ఒక గంట కావడం కాకతాళీయం. చైనా 2013లో ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8,105 అక్షరాలున్నాయి, నిత్యవ్యవహారానికి కావలసిన మొదటి శ్రేణివే 3,500. తెలుగు ఇళ్లల్లో అక్షరాభ్యాసం నాడు పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు, కాని ఆ సాయంత్రం వాడిని శతావధానానికి ఎవరూ పిలవరు.

ఇటువంటి చదువు ఎదురు దిశలో సాగిన కాలమూ ఒకటుంది. తెలుగు చరిత్ర పుస్తకాలు ఇత్సింగ్ అని పిలిచే చైనా భిక్షువు 671లో ఓడెక్కి, నేటి సుమత్రాలోని శ్రీవిజయలో ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకొన్నాడు. నిడివిలో అది ఒక సెమిస్టర్ కంటే ఎక్కువే. అయితే దానిని అతడు నలందాలో ఆ తరువాత గడిపిన పదేళ్లకు గడపగా మాత్రమే లెక్కించాడు. అతడికి ముందే వచ్చిన మరో చైనా భిక్షువు హ్యూయాన్‌సాంగ్ ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలుండి మహాసాంఘికుల, అనగా ఒక బౌద్ధ శాఖవారి, అభిధర్మ గ్రంథాలు చదివి, 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, మిగిలిన పందొమ్మిదేళ్లూ అనువాదాలతోనే వెళ్లబుచ్చాడు. పాపం, దరఖాస్తు రాసుకొనే తీరికే చిక్కలేదు.

అంత వెనక్కి వెళ్లనక్కరలేదు. చైనాలో వైద్యం చదివే తెలుగు పిల్లలు అయిదారేళ్లు అక్కడ ఉంటారు; బోధన ఇంగ్లీషులో సాగినా రోగి కడుపునొప్పి చైనీస్‌లోనే వస్తుంది కాబట్టి, ఆ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయిని దాటవలసి ఉంటుంది. ఇంటికి వచ్చాక వారిని చైనా నిపుణులని ఏ చర్చావేదికా పిలవదు, విదేశీ పట్టభద్రుల అర్హత పరీక్ష ఎప్పుడు రాస్తావని మాత్రం బంధువులందరూ అడుగుతారు.

ఇక ప్రావీణ్యానికి ప్రమాణపత్రం ఇచ్చేదెవరంటే, ఆ పండ్ల దుకాణదారే. విదేశీయుడు పలకరింపుగా 'నీహావ్' అంటే చాలు, నీ చైనీస్ ఎంత బాగుందో అని మెచ్చుకోవడం అక్కడి మర్యాద. పొగడ్తను నెత్తికెత్తుకోకుండా 'నాలీ నాలీ' అనడం, అంటే 'ఎక్కడ, ఎక్కడ' అని తోసిపుచ్చడం, ఆ మర్యాదకు పాతకాలపు జవాబు. విద్యార్థి 'షియెషియె' అని ధన్యవాదాలు చెప్పి, పొగడ్తను యథాతథంగా దరఖాస్తులోకి ఎక్కించుకొంటాడు. 'నాలీ నాలీ' పాఠం చెప్పిన రోజున అతడు చైనా గోడ మీద ఉన్నాడు.