నా మనసులో ఏముందో చెప్పవే

పెళ్లి పంక్తిలో ఇలా కూర్చున్నానో లేదో, పక్క విస్తరి బాబాయిగారు అందుకున్నారు. "సైకాలజీనా? అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం!"

ఈ వారంలో ఇది ఆరోసారి. "మామిడికాయ పప్పు ఇంకా రాలేదన్న దిగులు" అన్నాను. ఆయన నిజంగానే ఉలిక్కిపడ్డారు.

మేం చదివేది సోది కాదు మహాప్రభో! 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ అనే ఆయన సైకాలజీ ప్రయోగశాల పెట్టి, చప్పుడు వినగానే మనిషి ఎంతసేపటికి మీట నొక్కుతాడు లాంటివి కొలిచాడు. మాకూ కొలతలే. లెక్కలకు జడిసి ఈ గ్రూపులో చేరితే, స్టాటిస్టిక్స్ పేపరు గుమ్మంలోనే ఎదురైంది.

పైగా ప్రాక్టికల్స్‌కి మనుషులు కావాలి. కెమిస్ట్రీ వాళ్ల ఆమ్లం ఎదురు ప్రశ్నలు వేయదు. జ్ఞాపకశక్తిని కొలిచిన జర్మనీ ఆయన ఎబ్బింగ్‌హాస్ గడుసువాడు. అర్థంలేని అక్షరాల ముక్కలు రెండు వేలకు పైగా పోగేసుకుని, తనే బట్టీపట్టి, తనే మరిచిపోయి, ఆ లెక్కంతా 1885లో పుస్తకంగా వేశాడు. నేను నాయనమ్మను కూర్చోబెట్టాను.

"జుప్, బోక్, డాక్స్..."

"ఏ దేవుడిదే ఈ మంత్రం?"

"దేవుడిది కాదు, జర్మనీది."

"మడి కట్టుకోవాలా?"

ఎబ్బింగ్‌హాస్ లెక్కన మర్నాటికి మూడోవంతు మిగిలితే గొప్ప. నాయనమ్మ నేనిచ్చిన పదమూడు ముక్కలూ వరసగా అప్పజెప్పింది. తెల్లారే తులసికోట చుట్టూ తిరుగుతూ నూట ఎనిమిదిసార్లు జపించిందట. మోకాలి నొప్పి కూడా కాస్త తగ్గిందట! నా గ్రాఫులో కిందికి జారాల్సిన గీత అటకెక్కి కూర్చుంది. "అంకెలు ఇంట్లో వండావా?" అన్నారు మా లెక్చరర్. తులసికోట రాయడానికి రికార్డులో గడి ఏదీ?

పప్పు వచ్చింది, బాబాయిగారి మనసు కుదుటపడింది. అంతలో మంచినీళ్లు పోస్తూ పిన్ని వంగి అడిగింది. "నా మనసులో ఏముందో చెప్పవే."

ఏడోసారి. విసుగొచ్చింది. "మొహం చూస్తే తెలియదు పిన్నీ. మేం అడగాలి, మీరు చెప్పాలి."

"అలాగా" అంది. చెంబు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. నేను పెరుగు ఎటు వస్తోందా అని చూస్తున్నాను.

"సరేలే, తిను" అని పక్క పంక్తికి వెళ్లిపోయింది.

అడగాలని చెప్పింది నేనే. అడగనిదీ నేనే.