కరువు లేని చోట కరువు భత్యం

పశుపోషకులకు విపత్తు సాయం అనగానే ఎండిన బీళ్లు, డొక్కలు తేలిన పశువులు కళ్లముందు మెదలడం సహజమే గాని, సొమ్ము ముట్టాలంటే అవి ఉండి తీరాలన్న నియమాన్ని అమెరికా వ్యవసాయ శాఖ ప్రతిసారీ పట్టుకు కూర్చోలేదు. కరువు బాధితుల కోసం 2002లో మొదలైన పశుపోషకుల పరిహార పథకాన్ని, విపత్తు ప్రకటించిన ఏ కౌంటీకైనా, అంటే దాదాపు మన జిల్లా వంటి పాలనా విభాగానికైనా, వర్తించేలా చట్టసభ సడలించింది. దాంతో 2003 ఫిబ్రవరిలో కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌక శకలాలు తూర్పు టెక్సాస్‌పై రాలిన పుణ్యాన, ఆ ప్రాంత పశుపోషకులకు మేత సాయం అందింది. ఆకాశంలో జరిగిన ఘోరానికీ నేలమీది గడ్డికీ ఉన్న సంబంధాన్ని ఏ శాస్త్రవేత్తా నిరూపించలేదు. ఖజానాకు ఆ నిరూపణ అవసరమూ రాలేదు. ఈ పథకం కింద పంచిన 120 కోట్ల డాలర్లలో 63.5 కోట్లు కరువు అంతంతమాత్రంగా ఉన్న, లేదా అసలే లేని ప్రాంతాలకు చేరాయని 2006లో ‘వాషింగ్టన్ పోస్ట్’ తేల్చింది. నష్టానికి రుజువు చూపమని ఎవరినీ అడగకపోవడం అందులోని అసలు విశేషం.

ఇంత అల్లరి జరిగాక ప్రభుత్వానికి బుద్ధి వచ్చింది, కాకపోతే రెండు రకాలుగా వచ్చింది. 2008 నాటి వ్యవసాయ చట్టం పచ్చిక బయళ్ల కరువు సాయానికి కొత్త పథకం పెట్టి, దానిని వారం వారం వెలువడే కరువు పటానికి ముడివేసింది: 2025లో నిబంధన మారేదాకా, మేత కాలంలో ఏ కౌంటీలో ఏ ప్రాంతమైనా వరుసగా ఎనిమిది వారాలు ఆ పటంలో ‘తీవ్ర కరువు’ రంగులో ఉంటే, అక్కడి అర్హులకు ఒక నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన సాయం వచ్చేది. ఇది మెచ్చుకోదగిన మార్పే. అయితే ఏ మూల రంగు పడినా అర్హత కౌంటీ మొత్తానికీ వస్తుంది. దరఖాస్తుదారు బీడులో గడ్డి ఎంత మిగిలిందో పటానికి కనిపించదు.

ఆ గడ్డిని పౌరులైనా చూద్దామంటే అదే చట్టంలోని 1619వ సెక్షన్ అడ్డు తగులుతుంది. సబ్సిడీల అమలును ప్రజలు పరిశీలించాలంటే కమతాల వివరాలు వెల్లడి కావలసిందేనని 2008 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పగా, నాలుగు నెలలు తిరక్కుండానే చట్టసభ ఆ తలుపుకు తాళం వేసింది. రైతు తన సాగు గురించి శాఖకు ఇచ్చిన సమాచారం, అతని భూమి హద్దుల వివరాలు బయటపెట్టరాదన్నది ఈ సెక్షన్ సారాంశం. దయతలచి ఇచ్చిన కొద్ది మినహాయింపుల్లో ఒకటి ఇది: ఎవరికి ఎంత సొమ్ము ముట్టిందో చెప్పవచ్చు. అనగా పౌరుడు పరిహారాన్ని రూపాయి పైసలతో సహా, అదే డాలరు సెంట్లతో సహా, చదువుకోవచ్చు గాని, ఆ పరిహారానికి కారణమైన మంద ఎంతో, బీడు ఎక్కడో ఆరా తీయకూడదు. రైతు గోప్యతను కాపాడటం న్యాయమే. ఇక్కడ కాపాడుతున్నది మాత్రం ఖర్చు పెట్టినవారి లెక్కను.

2014 నాటి వ్యవసాయ చట్టం మేత సాయాన్ని శాశ్వత పథకం చేసింది. 1619వ సెక్షన్‌ను ఎత్తివేయలేదు.