సంచిలో తిరిగే కత్తి

ఇది ఆత్మకథే. కాకపోతే చెప్పుకునే యంత్రానికి ‘నేను’ అనడం అలవాటు కాలేదు. ఆపరేషన్ థియేటర్లో అందరూ దాన్ని ‘అది’ అనే అన్నారు. అదీ ఆ మాటకే కట్టుబడింది.

పేరు పవర్ మోర్సెలేటర్. చేత్తో పట్టుకునే పిడి, ముందుకో గొట్టం, గొట్టం కొసన గిర్రున తిరిగే అంచు. కీహోల్ ఆపరేషన్‌లో ఒకటిన్నర సెంటీమీటర్ల కంతలోంచి గర్భసంచిలో పెరిగిన బత్తాయంత ఫైబ్రాయిడ్ గడ్డ ఎలా బయటికొస్తుంది? డాక్టరు పట్టకారుతో గడ్డను గొట్టంలోకి లాగుతుంటే, కత్తి దాన్ని దోసకాయ చెక్కు తీసినట్టు పొడవాటి పేలికలుగా కోస్తుంది. గర్భసంచినీ అలాగే తీస్తారు.

1995లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని స్త్రీల ఆపరేషన్లకు అనుమతించింది. అప్పట్లో దానికి కాస్త పొగరు కూడా. పొట్ట కోస్తే వారాల తరబడి మంచం. ఇక్కడ మర్నాడే ఇంటికి. రక్తం తక్కువ పోతుంది, కుట్లు చీము పట్టే భయమూ తక్కువే.

2013లో బోస్టన్‌లో ఎమీ రీడ్ బల్ల మీదికొచ్చింది. ఆమే మత్తు డాక్టరు, ఆరుగురు పిల్లల తల్లి. గడ్డలు మామూలువే అనుకున్నారు. ముక్కలు ల్యాబ్‌కి వెళ్లాక తేలింది, లోపల దాగినది లియోమయోసార్కోమా అనే క్యాన్సర్ అని. కత్తి తిరిగినప్పుడు తునకలు పొట్టంతా చిమ్మాయి. ఆపరేషన్‌కి ముందు ఆ క్యాన్సర్‌ను ఖాయంగా పట్టే పరీక్ష లేదు, నిజమే. కానీ కోసింది అదే కదా!

రీడ్, గుండె సర్జన్ అయిన ఆమె భర్త ఊరుకోలేదు. ఫైబ్రాయిడ్ల ఆపరేషన్‌కి వచ్చేవాళ్లలో లియోమయోసార్కోమా వంటి గర్భసంచి సార్కోమాలు దాగి ఉండే ముప్పు పదివేలలో ఒకరికే అని డాక్టర్లు చెబుతూ వచ్చారు. దాన్ని 2014 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ 350 మందిలో ఒకరికి అని లెక్కగట్టింది. అదే ఏడు జాన్సన్ అండ్ జాన్సన్ తన మోర్సెలేటర్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. 2017 మేలో రీడ్ కన్నుమూసింది.

మరి పొట్ట కోయడమే మేలా? 2015లో కొందరు డాక్టర్లు లక్షమంది స్త్రీల మీద అంచనా కట్టారు. మోర్సెలేటర్‌తో కీహోల్ అయితే 98 మరణాలు, పొట్ట కోస్తే 103. విడదీసి చూస్తే బొమ్మ మారుతుంది: ఈ క్యాన్సర్ వల్ల 86, 71; ఆపరేషన్ వల్లే 12, 32. అంటే అది చంపేవాళ్లు వేరు, కాపాడేవాళ్లు వేరు. మొత్తంలో అయిదుగురు మిగిలారని ఆ ఆరుగురు పిల్లలకు చెప్పే ధైర్యం దానికి లేదు. ఏ ముప్పును భరించాలో తేల్చుకునే హక్కు పొట్ట ఎవరిదో వాళ్లదే కావాలి. ఆ మాట మత్తు ఇవ్వకముందే జరగాలి. దాని పట్టుదలల్లా అదొక్కటే.

2016లో దానికో సంచి వచ్చింది. గడ్డను సంచిలో పెట్టి, గాలి నింపి, లోపలే కోస్తారు. క్యాన్సర్ పాకకుండా ఆపుతుందని రుజువు కాలేదన్న హెచ్చరికతోనే ఎఫ్‌డీఏ ఆ సంచిని అనుమతించింది. 2020 నుంచి సంచి లేకుండా మోర్సెలేటర్‌ను వాడొద్దంటోంది. యాభై దాటినవాళ్లకూ, ముట్లుడిగినవాళ్లకూ అసలే వద్దంటోంది.

ఇప్పుడు దానికి పిలుపు వచ్చేది తక్కువే. వచ్చినప్పుడు నర్సు ముందు సంచి విప్పుతుంది, చిల్లులున్నాయేమోనని వెలుగులో పట్టి చూస్తుంది. అది పక్కనే బల్ల మీద ఎదురుచూస్తుంటుంది.