ఎర్ర సిరా దిద్దుబాట్లు

మా రోజుల్లో ప్లాను గీసేవాడి కాళ్లకు ముగ్గు అంటుకునేది. ఆత్మకూరులో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. మా నెల్లూరు అంకణమంటే 72 చదరపు అడుగులు, అదే తిరుపతిలో 36. ఇన్ని అంకణాలని చెప్పి స్థలం చూపించే ఆసామి వెంట నేనూ నడిచేవాణ్ణి. టేపు ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస నా చేతిలో. కొలతలు రాసుకొచ్చి టీ-స్క్వేరు ముందు కూర్చునేవాణ్ణి. ట్రేసింగు పేపరు మీద గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకాలి. పేపరు చిరిగిందా, రెండ్రోజుల పని పోయినట్టే. ప్రింటు కావాలంటే నెల్లూరు బస్సెక్కాలి, అక్కడ అమ్మోనియా ఘాటుకు కళ్లమ్మట నీళ్లు కారేవి.

మా అన్న మనవడు ఇప్పుడు హైదరాబాదులో ‘బిమ్’ పని చేస్తున్నాడు, అంటే రెవిట్ అనే సాఫ్ట్‌వేరులో భవనానికి మోడలు చెయ్యడం. “రెవిట్‌లో గీసింది వట్టి గీత కాదు తాతా, గోడే” అంటాడు. ఇటుక మందం, పూత, సిమెంటు లెక్క అన్నీ అందులోనే ఉంటాయి. ప్లానులో కిటికీ జరిపితే ఎలివేషన్లోనూ జరుగుతుంది. బీముకు పైపు అడ్డమొస్తే కట్టకముందే చూపిస్తుంది. ఇది గొప్ప సంగతేనని ఒప్పుకుంటాను. మేము ఒకే కిటికీని నాలుగు షీట్లలో దిద్దేవాళ్లం, ఒకదాంట్లో మరిచిపోతే గోడ పగలగొట్టాల్సి వచ్చేది. బొమ్మల బదులు కంప్యూటర్లోనే భవనాన్ని వర్ణించుకోవచ్చని చక్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు 1975లోనే రాశాడు. రెవిట్ 2000లో బయటికొచ్చింది, 2002లో ఆటోడెస్క్ కంపెనీ దాన్ని కొనుక్కుంది.

పనిముట్టు మంచిదే, వాడే తీరే నాకు మింగుడుపడదు.

పోయినేడు మా వీధిలో ఒక ఇల్లు లేచింది. మోడలు ఎక్కడో ఊరుగాని ఊళ్లో చేశారు, చేసినవాళ్లెవరూ స్థలం తొక్కలేదు. పునాది తవ్వుతుంటే బండ తగిలి మేస్త్రీ బాత్రూమును రెండడుగులు పక్కకు జరిపాడు. సరైన పనే చేశాడు. ఆ మాట మోడలుకు ఎవరూ చెప్పలేదు. గృహప్రవేశమయ్యాక గీజరు బిగించడానికి గోడ తొలిస్తే, బొమ్మలో లేని చోట నీళ్ల పైపు పగిలింది. సిమెంటు బస్తాల దాకా లెక్క తెలిసిన మోడలుకు ఆ రెండడుగులు తెలియకపోతే ఆ ఇంట్లోవాళ్లకు అదెందుకు?

స్లాబు వేసేరోజు నేను కమ్మీలు లెక్కపెట్టి షీటు అంచున రాసేవాణ్ణి. కట్టేటప్పుడు మారినదల్లా ఎర్ర సిరాతో దిద్దేవాణ్ణి. 1988లో నా ప్లానుతో కట్టిన మిద్దె మీద ఇంకో అంతస్తు వెయ్యాలని ఆ ఇంటి ఆసామి కొడుకు మొన్నామధ్య వచ్చాడు. అటక మీది నుంచి ఆ షీట్ల చుట్ట తీశాను. పిల్లరుకు ఎన్ని కమ్మీలు, ఎంత మందం, పునాది ఎంత లోతు, అన్నీ ఉన్నాయి. ఇంజనీరు దగ్గరికి అది పట్టుకునే పోయాడు.

మరి ఇప్పటి ఫైలు? రెవిట్ కొత్త వెర్షన్లో దాచింది పాతదాంట్లో తెరుచుకోదు. 2016లో ఆటోడెస్క్ శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేసింది, ఇక చందా కట్టినన్నాళ్లే. ఇల్లేమో మూడు తరాలు నిలవాలి. ఐఎఫ్‌సి అని వేరే రకం ఫైలుంది, ఒక్క కంపెనీకే కట్టుబడనిది, 2013లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. మేస్త్రీ జరిపిన రెండడుగులు కూడా చేర్చి, ఆ ఫైలునూ ప్రింట్లనూ తాళంచెవులతో పాటు ఇంటాయన చేతిలో పెట్టడానికి ఏం అడ్డం?

సంక్రాంతికి వచ్చినప్పుడు మనవడికి ఆ చుట్ట చూపించాను. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి ఆ మిద్దెకు మోడలు మొదలుపెట్టాడు. “ఉండరా అబ్బయ్యా, ముందు ఆ ఇంటికి పోదాం పద” అని టేపు తీశాను. కొలిస్తే వెనక గది నా షీటు కన్నా మూడంగుళాలు ఎక్కువొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే సిరా సీసా ఎండిపోయి ఉంది. వాడే అంగడికి పోయి ఎర్ర పెన్ను తెచ్చాడు. ముందు షీటు మీద దిద్ది, ఆ తర్వాత మోడల్లో కొట్టాడు.