కాలువ పెంచిన ఊరు

బాన్సువాడ బస్టాండులో దిగితే ఇప్పుడు మొదట కనబడేవి ఫ్లెక్సీలే. పుట్టినరోజు శుభాకాంక్షలు, పదవి వచ్చినందుకు అభినందనలు, పండుగ పండుగకూ అవే ముఖాలు. ఈ ఊరికి అన్నం పెట్టిన మనిషి ముఖం మాత్రం పిల్లలకు తెలియదు. అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఎవరురా అంటే బిక్కముఖం వేస్తారు.

మా రోజుల్లో నీళ్లు కట్టే ప్రతి ఇంట్లో ఆ ఇంజినీరు ముచ్చట ఉండేది. మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి నడుమ 1923లో ఆయన నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. దాదాపు 40 ఊళ్లు ఇల్లూ వాకిలీ వదిలి లేచిపోతే, 2.75 లక్షల ఎకరాలకు నీళ్లని లెక్క వేశారు. కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. చెరకు బండ్లు అటు పోతుంటే ఎడ్ల గంటల చప్పుడుకే మాకు తెల్లవారేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. దానితోపాటు చెరకూ పోయింది.

కాలువ మీద లష్కరు ఉండేవాడు. ఖాకీ నిక్కరు, భుజాన షట్టరు తిప్పే ఇనుప చావి. గేజీ రాయి మీద నీళ్లెంత ఎక్కాయో చూసి, షట్టరును అంగుళాల లెక్కన లేపేవాడు. గట్టు మీద ఎండ్రకాయ బొక్క కనబడితే అక్కడే ఆగి, మడమతో మట్టి తొక్కి మరీ కదిలేవాడు. రాత్రి వంతు వచ్చిన రైతు లాంతరు పెట్టుకొని తూము పక్కనే కూర్చునేవాడు. చివరి మడి తడిసేదాకా పై రైతు మడవ తిప్పుకోవడానికి లేదు. తిప్పితే మరునాడు చావడిలో పెద్దమనుషులు నిలదీసేవారు. ఆ లష్కర్లు ఒక్కొక్కరే రిటైరైపోయారు. ఇప్పుడు ఎవరి బోరు వాళ్లది, ఎవరి మోటారు వాళ్లది. కాలువలో నీళ్లకంటే ముందు ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి.

ఎగువన సింగూరు డ్యామ్ కట్టి మంజీర నీళ్లను హైదరాబాదు తాగడానికి తీసుకుపోయారు. పట్నం గొంతు ఎండాలని నేననను. కానీ మా ఆయకట్టు సంగతి కూడా అప్పుడే అంత గట్టిగా ఆలోచించాల్సింది. దానికి తోడు పూడిక. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టిన సాగరు ఇప్పుడు 17.8 టీఎంసీలకు వచ్చింది. 2021లో హల్దీ వాగు మీదుగా గోదావరి నీళ్లు తెచ్చి సాగరులో కలిపితే, నా ఈడువాళ్లు పోయి ఆ నీళ్లకు దండం పెట్టి వచ్చారు.

పేరున్నవాళ్లు లేరని కాదు. పోచారం శ్రీనివాసరెడ్డి మా పక్క ఊరి మనిషే, ఊరి పేరే ఇంటిపేరైపోయింది. 2014లో వ్యవసాయ మంత్రి అయ్యారు, 2019 నుంచి 2023 దాకా అసెంబ్లీ స్పీకరుగా ఉన్నారు. బీర్కూరు పక్కన తిమ్మాపూర్ గుట్ట మీద వెంకన్న గుడిని తెలంగాణ తిరుమల అంటున్నారు, జనం బాగా వస్తున్నారు. సంతోషమే. కానీ మా ఊరికి వచ్చిన చుట్టాలకు చూపించేది గుడి ఒక్కటేనా? నిజాంసాగర్ కట్ట, అక్కడి గోల్ బంగ్లా ఎవరికీ పట్టవా?

నా కోపమంతా 2016 మీద. అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. బాన్సువాడ, బీర్కూరు ఇటు వచ్చాయి, వర్ని, కోటగిరి నిజామాబాదులోనే ఉండిపోయాయి. అన్నిటికీ ఎమ్మెల్యే ఒక్కరే, కలెక్టర్లు ఇద్దరు. ఎంపీ ఓటేమో అంతకుముందు నుంచే జహీరాబాదుకు. ఒకే కాలువ కింద తాతల నాటి నుంచి వంతులు పంచుకున్న రైతులు, నీళ్ల పంచాయితీ వస్తే ఏ ఆఫీసు గడప ఎక్కాలి?

అలీ నవాజ్ జంగ్ పుట్టిన జులై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు. ఆ రోజు హాల్లో శాలువాలు కప్పుకుంటే చాలదు. బడిపిల్లలను బస్సెక్కించి సాగరు కట్ట మీద నడిపించండి, గేట్లు లేపేది చూపించండి, ఆ నీళ్లు మన ఊరికి ఎట్లా వస్తాయో అక్కడే చెప్పండి. బస్సు కిరాయి మా ముసలివాళ్లం చందాలు వేసుకొని ఇస్తాం.