తుపాకీ మామ

ఉదయగిరిలో ఒకాయన ఉంటాడు. ఆత్మకూరులో ఇంకొకాయన ఉంటాడు. ఒకరి మాటెత్తితే ఇంకొకరికి ఒళ్లు మంట. నన్నడిగితే ఇద్దరిదీ ఒకటే అచ్చు. పేర్లు మనకెందుకు గానీ, పిల్లకాయలు ఇద్దరినీ తుపాకీ మామ అనే అంటారు. నేనూ ఇద్దరినీ కలిపి ఒక్క మామగానే చెప్తా. ఏఎస్‌పేట దర్గా గంధమహోత్సవానికో, ఊళ్లో తిరనాళ్లకో బెలూన్లు కాల్చే కొట్టు దిగితే చాలు, కొట్టువాడు ఇంకా బెలూన్లు ఊదుకుంటూ ఉండగానే మామ హాజరు. పంచె ఎగగట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీ మొహం ఒకటి పెట్టి బల్లమీది తుపాకుల్ని వరసగా చూసుకుంటూ పోతాడు.

మామ కాల్చడు. జన్మలో ఒక్క బెలూను పగలగొట్టిన పాపాన పోలేదు. ఆయన పని చెప్పడం. ఎవడో కుర్రాడు గురి తప్పి నాలిక కరుచుకోగానే పక్కనుంచి గొంతు లేస్తుంది: "తప్పు నీది కాదబ్బయ్యా. లోపల వాషరు ఎండిపోయుండాది."

ఇంక ఆగదు. తిరనాళ్ల తుపాకీ గొట్టాన్ని మధ్యకు విరిచి వంచుతామే, ఆ వంపుకే లోపలున్న లావుపాటి స్ప్రింగు వెనక్కి నొక్కుకుపోయి కొక్కేనికి తగులుకుంటుంది. గుండు పెట్టి, గొట్టం మూసి, ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి గుండును తోస్తుంది. సైకిలు పంపే, కాకపోతే ఒక్క దెబ్బే. పిస్టన్ మూతికి తోలు వాషరు ఉంటుంది. అది ఎండిందా, గాలి పక్కలనుంచి జారిపోతుంది. గుండు బెలూను దాకా పోయి, దండం పెట్టి కిందపడుతుంది. అందుకని రెండు చుక్కలు నూనె పోస్తారు. చెయ్యి జారి ఎక్కువ పోశారా, నొక్కుకున్న గాలి వేడికి ఆ నూనె అంటుకుని గొట్టం చివర పొగ వస్తుంది. ఈ పొగ కోసమే మామ తిరనాళ్లకు వస్తాడని నా అనుమానం. "డీజిలింజనబ్బా ఇది! అగ్గిపుల్ల ల్యా, ప్లగ్గు ల్యా, వట్టి ఒత్తిడికే అంటుకునింది!" అని కేకేస్తాడు. జనం తుపాకులు వదిలేసి ఆయన చుట్టూ చేరతారు. కొట్టువాడికి ఆ పూట బేరం గోవిందా.

పక్క అంగట్లో ప్లాస్టిక్ పిస్తోళ్లు వేలాడుతుంటాయి, పసుపురంగు గుండ్ల పొట్లాలతో సహా. గుండు 6 మిల్లీమీటర్లు. జపాన్‌లో పుట్టిన ఎయిర్‌సాఫ్ట్ ఆటలో పెద్దపెద్దవాళ్లు కళ్లద్దాలు, ముసుగులు తగిలించుకుని ఉత్తుత్తి యుద్ధాలు చేసుకునేది ఈ కొలత గుండ్లతోనే. మన దగ్గర మూడో తరగతి వీరుడు అవ్వ వీపుకు గురిపెడతాడు. ఒక్కో గుండుకూ ఒక్కోసారి వెనక్కి లాగాలి. ఇదీ స్ప్రింగే. మామ దీన్ని తలెత్తి చూడడు. ఆయన మేనల్లుడు డాలస్‌లో సాఫ్ట్‌వేరు, శనివారాల్లో ఎయిర్‌సాఫ్ట్. వీడియోలు వాట్సాప్‌లో వస్తుంటాయి. అవి మొదలయ్యాక మామ స్థాయి మారింది. ప్లాస్టిక్ పిస్తోలు గురించి అడిగేవాళ్లను కింది క్లాసులో కూర్చోబెడుతున్నాడు.

టీకొట్టు దగ్గర ఆయన వేసే ప్రశ్న ఒకటుంది. "బ్యాటరీ తుపాకీలో గుండును తోసేదేంది?" ఎవడైనా కరెంటు అన్నాడో, అయిపోయాడు. "కరెంటూ కాదు, గిరెంటూ కాదు. బ్యాటరీ మోటారును తిప్పుద్ది. మోటారు పళ్లచక్రాల్ని తిప్పుద్ది. ఆఖరి చక్రానికి ఒకపక్కే పళ్లుంటాయి. ఆ పళ్లున్నంతసేపూ పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును నొక్కుద్ది, పళ్లయిపోంగానే వదిలేసుద్ది. మనం చేత్తో చేసే చాకిరీ మోటారు చేస్తా ఉండాది, అంతే. తోసేది గాలే!" ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. టోక్యో మారుయి కంపెనీ 1991లో ఫ్రెంచి వాళ్ల ఫామాస్ రైఫిలు నమూనాతో ఇలాంటిది తెచ్చిన మాటా నిజమే. కానీ ఆ చక్రానికి పళ్లు నెల్లూరుపాలెంలో తానే దగ్గరుండి కోయించినట్టు చెప్తాడు చూడండి, అక్కడ వస్తుంది తంటా.

గ్యాసు తుపాకీ దగ్గరికొచ్చేసరికి పూనకమే. స్ప్రింగు బలం మీద బతికేది కాదది. ప్రొపేనో, 12 గ్రాముల బుల్లి సీసాలో కుక్కిన కార్బన్ డయాక్సైడో ద్రవంగా ఉండి, ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా వాల్వు తెరుచుకున్నంత మేర ఆవిరై గుండును తోస్తుంది. ఆవిరయ్యేకొద్దీ సీసా చల్లబడుతుంది, చల్లబడేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. డిసెంబరులో గుండు సరిగా పోవడం లేదని మేనల్లుడు ఫోన్లో వాపోతే మామ ఇచ్చిన సలహా ఇది: "మే నెలలో ఉదయగిరికి తీసుకురారా. దుర్గం మీద నిలబడి కాలిస్తే సీతారాంపురంలో పడుద్ది." ఎండకు ఒత్తిడి పెరిగే మాట నిజం. పావు గ్రాము తూగే ప్లాస్టిక్ గుండు యాభై అరవై మీటర్లు పోతే గొప్ప అన్నదీ నిజం. సీతారాంపురం బస్సెక్కి పోవలసిన ఊరు.

అంతటితో పోనిచ్చినా బాగుండేది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేస్తే గానీ 1514లో ఉదయగిరి దుర్గం చేతికి రాలేదు కదా, "ఆ రోజున గ్యాసు తుపాకులు నాలుగుండుంటే పదిరోజుల పనబ్బా" అంటాడు. పిట్టలదొర చెక్క తుపాకీ భుజానేసుకుని ఇంతకంటే పెద్ద కోతలే కోస్తాడు. కాకపోతే ఆయన అది వేషమని ఒప్పుకుంటాడు, మనమూ నవ్వి పదో పరకో చేతిలో పెడతాం. మామ కోతలకు టీ డబ్బులు కూడా మనమే ఇవ్వాలి.

మామ నోరు పడిపోయే తుపాకీ ఒక్కటే ఉంది. మెట్ట పల్లెల్లో కోతుల్ని తోలడానికి వాడే ప్లాస్టిక్ పైపు తుపాకీ. అందులో కార్బైడు ముక్క వేసి నీళ్లు చిలకరిస్తే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది. వెనకున్న లైటరు నొక్కితే ఢామ్మంటుంది. గుండు ఉండదు, చప్పుడే. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మామ చేతులు వెనక్కి కట్టుకోలేదు, రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇది గాలి కాదబ్బయ్యా, మంట" అని మాత్రం అన్నాడు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి పైపు తుపాకులు వందమందికి పైగా కళ్లు గాయపరిచాయి, అందులో ఎక్కువమంది పిల్లలే. పేలలేదేమని గొట్టంలోకి తొంగిచూసినవాళ్లున్నారు.

మామ మాటల్లో సీతారాంపురాన్నీ రాయలవారినీ తీసేయండి. ఈ ఒక్కటీ మాత్రం వినండి. పైపు తుపాకీ పేలకపోతే గొట్టంలోకి చూడకండి, దాన్నక్కడే వదిలేసి దూరం జరగండి. పిల్లకాయల చేతికైతే అసలే ఇవ్వకండి.