నీళ్ళ వజ్రాల సారు

మళ్ళీ గ్లిసరాలే! ప్రోటీన్ క్రిస్టల్‌ని మందులో నానబెట్టి, ద్రవ నత్రజనిలో ముంచి, ఇండోర్ దాకా మోసుకెళ్ళి ఇండస్-2 సింక్రోట్రాన్ ఎక్స్-రే కిరణాల ముందు పెడితే, మందు కూర్చోవాల్సిన ప్రోటీన్ గూట్లో దర్జాగా గ్లిసరాల్. మంచు పట్టకుండా మేమే పోసిన సరుకది. పెళ్ళికొడుకు పత్తా లేడు, పందిరి వేసినవాడు పీటలెక్కాడు.

పైగా సూరత్‌లో ఉంటూ ‘క్రిస్టళ్ళ పని’ అని చెప్పుకోవడం ఇంకో కర్మ. లింబాయత్‌లో మా ఎదురింటి పద్మశాలీల కుర్రాడు వజ్రాలు సానపడతాడు.

“ఎన్ని క్యారెట్లు సార్?”

“మిల్లీమీటరులో పదోవంతుంటే పండగే.”

“కట్టింగ్ ఎవరు చేస్తరు?”

“ముట్టుకుంటే చితికిపోతుంది బాబూ. సగం నీళ్ళే.”

జాలిగా చూశాడు. మర్నాడు భూతద్దంతో వాళ్ళ నాన్న దిగాడు. ఇంట్లో ఉండవండీ, గాలికి ఎండిపోతాయంటే నమ్మలేదు. బీరువా వైపే చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ సూటిగా అడిగేసింది: “అమ్మితే ఎంతొస్తది?” ఏమీ రాదన్నాను. ఆ సాయంత్రానికి వీధంతా నేను ‘నీళ్ళ వజ్రాల సారు’ని. ఇంటి ఓనరు అద్దె ముందే అడగడం మొదలెట్టాడు.

ఇంతకీ మందు ఎందుకు కనబడదు? ఎక్స్-రే ఏ ఒక్క అణువునీ విడిగా చూడదు, కోటానుకోట్ల అణువుల సగటు చూపిస్తుంది. నాలుగు గూళ్ళలో ఒకదాంట్లోనే మందుంటే, ఆ మసక మందుదో నీటిదో తేల్చలేం. కుదురుగా కూర్చోని మందైతే తల కనబడి తోక మాయం. కొన్ని క్రిస్టళ్ళలో పక్క ప్రోటీనే గుమ్మానికడ్డంగా పడుకుంటుంది. ఇదంతా తెలిసీ “ఆ మసకలోనే ఎలాగో ఇరికించి గీసెయ్యవయ్యా, పేపరు అచ్చుకి పోతుంది” అనే పెద్దలుంటారు చూడండి, ఒళ్ళు మండేది అక్కడే! ఆ బొమ్మని నమ్మి ఇంకెవరో ఏళ్ళ తరబడి మందులు తయారుచేస్తూ కూర్చుంటారు.

కణాలకి శక్తినిచ్చే ఏటీపీది మరీ అన్యాయం. గూట్లోకి వెళ్తుంది, కుదురుకుంటుంది. క్రిస్టల్ పెరిగేలోగా ఎంజైమే దాన్ని కోసేస్తుంది. చివరికి కనబడేది తెగగా మిగిలిన ఏడీపీ. అందుకే సులువుగా తెగని నకలు అణువుల్ని పెడుతుంటారు.

ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టి 1929లో సహోద్యోగి ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లే మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన నుంచే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. అది ఎంజైమ్ గూట్లో ఎలా కూర్చుంటుందో 1977లో క్రిస్టల్ బొమ్మ చూపించింది. చూడ్డానికి ఆయన లేడు, 1948లోనే, యాభై మూడేళ్ళకే పోయాడు. మా ల్యాబు కుర్రాళ్ళు రోజుకి వందసార్లు ఏటీపీ అంటారు, ఆయన పేరు ఒక్కడూ ఎత్తగా వినలేదు.

ఎదురింటావిడ కీళ్ళవాతానికి వారానికోసారి మింగే మాత్ర ఆ మెథోట్రెక్సేటే. మొన్న ఈ కథంతా చెప్పాను. మాత్రల అట్ట అటూ ఇటూ తిప్పి చూసింది.

“మనోడేనా సార్? పేరెక్కడా రాయలేదే?”